బల్లెం ముందు కత్తి ఎందుకు ఓడాలి: టేబుల్‌టాప్ ఆటల్లో ఆయుధాల లెక్క

ఐదో ఎడిషన్ డి&డి ఆయుధాల పట్టిక తీయండి (డంజన్స్ అండ్ డ్రాగన్స్, బల్ల చుట్టూ కూర్చుని తలో పాత్ర తీసుకుని పాచికలతో ఆడే ఆట). గాయం (డ్యామేజ్) లెక్కకు లాంగ్‌స్వోర్డ్‌కు ఎనిమిది ముఖాల పాచిక, బల్లేనికి ఆరు ముఖాలది. రెండు చేతులతో పట్టుకుంటే కత్తికి డీ10 (పది ముఖాల పాచిక), బల్లేనికి డీ8. ఎటు చూసినా కత్తిదే పైచేయి. అందుకే ఫైటర్ (యోధుడి పాత్ర) ఆడేవాళ్ళు కత్తే తీసుకుంటారు, బల్లెం కోటగుమ్మం దగ్గర కాపలావాడి చేతిలో మిగిలిపోతుంది.

బయట సంగతి తలకిందులు. పాత యూరోపియన్ కత్తిసాము నేర్పే క్లబ్బుల్లో డాలు లేని కత్తివాడిని బల్లెంవాడికి ఎదురు నిలబెడితే, ఇద్దరికీ సమానమైన సాధన ఉన్నప్పుడు ఎక్కువసార్లు ఓడేది కత్తివాడే. బల్లెం గాయం లోతైనదని కాదు. దాని మొన ముందుగా చేరుతుంది, అంతే. కత్తివాడు దెబ్బ వేయాలంటే ఆ మొనను దాటి లోపలికి రావాలి. వచ్చాడా, అప్పుడు బల్లెంవాడి పని అయిపోయినట్టే, ఎందుకంటే చేతిలో ఉన్నది పొడవాటి కర్ర, వెనక్కి లాగడానికి చోటు లేదు.

రియలిజం కావాలని పూనుకున్న జీఎం (ఆట నడిపేవాడు) మొట్టమొదట చేసే పని బల్లెం పాచికను డీ8కి పెంచడం. దానివల్ల సగటు డ్యామేజ్ 3.5 నుంచి 4.5 అవుతుంది. ఒక్క పాయింటు. ఆటగాడు చేసే పనిలో ఏమీ మారదు: దగ్గరికి వెళ్తాడు, తగిలిందో లేదో చూడ్డానికి డీ20 వేస్తాడు, డ్యామేజ్ చెప్తాడు, పక్కవాడి వంతు. కత్తి పట్టుకున్నా గరిటె పట్టుకున్నా అదే పని అయితే ఆ ఆయుధానికి ఆటలో పేరు తప్ప ఇంకేమీ లేనట్టు. ఆయుధం మారితే నిలబడే చోటు మారాలి, ఆగాలా దూకాలా అన్న నిర్ణయం మారాలి. ఏ రూల్‌నైనా ఈ కొలతతోనే చూడండి.

1974లో వచ్చిన మొదటి డి&డిలో అన్ని ఆయుధాలకూ ఒకటే డీ6. ఇప్పుడు నవ్వుతారు గానీ అది అంత తెలివితక్కువ పని కాదు. బాకైనా గొడ్డలైనా పడాల్సిన చోట పడితే మనిషి పోతాడు. ఆయుధానికో పాచిక అన్నది మరుసటి ఏడాది గ్రేహాక్ సప్లిమెంట్‌తో వచ్చింది. 1978 నాటి అడ్వాన్స్‌డ్ డి&డి ఇంకో అడుగు ముందుకేసి, ఏ ఆయుధం ఏ ఆర్మర్ క్లాస్ (ఏసీ, దెబ్బ తగలకుండా కాపాడే రక్షణ అంకె; అప్పట్లో అది తగ్గేకొద్దీ రక్షణ ఎక్కువ) మీద ఎంత ప్లస్ ఎంత మైనస్ అని పెద్ద పట్టిక ఇచ్చింది. ఉద్దేశం మంచిదే. కానీ చాలా టేబుళ్ళు దాన్ని పక్కన పెట్టేశాయి. ప్రతి దెబ్బకూ పట్టికలో వేలు పెట్టి వెతకాలి, అదొక విసుగు. రెండోది అసలు లోపం: ఆ పట్టిక మనుషులు తొడుక్కునే కవచాలకు రాసింది. డ్రాగన్ తోలు మందం వల్ల వచ్చిన ఏసీ 2కూ, ప్లేట్ (ఒళ్ళంతా ఉక్కు రేకుల కవచం) మీద డాలు పట్టిన నైట్ ఏసీ 2కూ తేడా అందులో లేదు.

బరువుల విషయంలో మాత్రం ఎడిషన్ ఎడిషన్‌కూ బుద్ధి వచ్చింది. రెండు చేతుల కత్తి 1989 నాటి రెండో ఎడిషన్‌లో 15 పౌండ్లు. 3.5 ఎడిషన్‌లో 8. ఐదో ఎడిషన్‌లో 6, అంటే 2.7 కిలోలు. యుద్ధానికి వాడిన నిజమైన రెండు చేతుల కత్తులు రెండు నుంచి మూడు కిలోల చుట్టుపక్కల ఉంటాయి. మామూలు లాంగ్‌స్వోర్డ్ కిలోన్నరకు అటూ ఇటూ. ఏడు కిలోల ఇనుము ఎవడైనా ఒకసారి ఊపగలడు, రెండోసారి ఊపేలోపు ఎదుటివాడు పని ముగిస్తాడు. స్టడెడ్ లెదర్ (మేకులు కొట్టిన తోలు కవచం) మాత్రం ఇంకా పట్టికలోనే వేలాడుతోంది. పాత బొమ్మల్లో బ్రిగండైన్ అనే కవచం మీద కనిపించే మేకు తలలను చూసి తోలుకు కొట్టిన అలంకారం అనుకున్నారు. ఆ మేకులు లోపల ఉన్న ఉక్కు రేకులను పట్టి ఉంచేవి. రేకులు తీసేసి మేకులే ఉంచితే అది జాకెట్.

ఇక గర్ప్స్ అనే ఇంకో ఆట దగ్గరికి. ఆయుధానికీ కవచానికీ ఉన్న సంబంధం అర్థం కావాలంటే దీన్ని ఒకసారి కాగితం మీద వేసి చూడాలి. బలం 12 ఉన్న మనిషి. బ్రాడ్‌స్వోర్డ్‌తో నరికితే 1డీ+3 కోత (ఒక పాచిక వేసి 3 కలపాలి). రెండు చేతుల్లో బల్లెంతో పొడిస్తే 1డీ+2 పోటు. గదతో కొడితే 1డీ+5 మోత. ముగ్గురికీ పాచిక మీద 4 పడిందనుకోండి. కత్తికి 7, బల్లేనికి 6, గదకు 9.

ఎదుటివాడికి కవచం లేదు. కోత లోపలికి దిగితే ఒకటిన్నర రెట్లు, పోటు దిగితే రెండు రెట్లు, మోతకు ఉన్నదే. కత్తికి 10, బల్లేనికి 12, గదకు 9. బల్లెం ముందుంది.

ఇప్పుడు వాడికి గొలుసు కవచం తొడగండి. గొలుసుకు రక్షణ 4, మోత దెబ్బల మీద మాత్రం 2. కత్తి 7లో 4 పోతే 3, ఒకటిన్నర రెట్లు చేసి భిన్నం వదిలేస్తే 4. బల్లెం 6లో 4 పోతే 2, రెట్టింపు చేస్తే 4. గద 9లో 2 పోతే 7. పది, పన్నెండు, తొమ్మిది అని ఉన్న వరుస నాలుగు, నాలుగు, ఏడుగా మారింది. పన్నెండు హెచ్‌పీ (ప్రాణబలం అంకె) ఉన్నవాడికి ఏడంటే సగం దాటింది కాబట్టి పెద్ద గాయం లెక్క. ఆరోగ్యం మీద పాచిక వేసి నిలదొక్కుకోకపోతే కిందపడతాడు. ఏ పట్టికా తెరవలేదు, ఒక తీసివేత, ఒక హెచ్చవేత. 1978 పట్టిక చేయాలనుకుని చేయలేకపోయింది ఇదే. గదకు దాని శిక్ష కూడా ఉంది: ఈ టర్న్‌లో దాంతో కొట్టి ఉంటే దాంతోనే అడ్డుకోవడం కుదరదు.

డాలు విషయం ఇంకా బాగుంటుంది. ఐదో ఎడిషన్‌లో డాలు ఏసీకి 2 కలుపుతుంది. డీ20కి 5 కలిపి కొట్టేవాడికి తగిలే అవకాశం ఏసీ 14 మీద 60 శాతం, ఏసీ 16 మీద 50 శాతం. అంటే ఆరు దెబ్బల్లో ఒకటి తగ్గింది. గర్ప్స్‌లో నైపుణ్యం 14 ఉన్నవాడి దెబ్బ మూడు పాచికల మీద సుమారు 91 శాతం సరిగ్గా వస్తుంది, ఆపైన ఎదుటివాడు కాచుకోవాలి. అదే నైపుణ్యం ఉన్నవాడు కత్తితో కాచుకుంటే 10 లేదా అంతకన్నా తక్కువ పడాలి, అంటే 50 శాతం. మధ్యరకం డాలు ఉంటే ఆ 10 కాస్తా 12, 74 శాతం. లెక్క వేస్తే దెబ్బ తగిలే అవకాశం 45 నుంచి సుమారు 23కి పడిపోయింది. సగం. చేతిలో డాలు ఉన్నవాడు ఎంత మొండివాడో తెలియాలంటే ఈ రెండో లెక్కే దగ్గరగా ఉంటుంది. డాలు పక్కన పెట్టి రెండు కత్తులు పట్టుకోవడం ఎంత దుబారానో కూడా అప్పుడే అర్థమవుతుంది.

మరి అందరూ గర్ప్సే ఆడొచ్చు కదా? దాని టర్న్ ఒక్క సెకను. ఆ సెకనులో కొత్త ఆటగాడు ఎటాక్, ఆల్ అవుట్ ఎటాక్, ఫెయింట్ (ఉత్తుత్తి దెబ్బ), కాచుకుంటూ వెనకడుగు, వీటిలో ఏదో ఒకటి ఎంచుకోవాలి. పది సెకన్ల పోరాటం ఆడటానికి గంట పడుతుంది. అలవాటైన టేబుల్‌కు ఇబ్బంది లేదు, నెలకోసారి కూర్చునే వాళ్ళకు నరకం. 1978 నాటి రూన్‌క్వెస్ట్ అనే ఆట 12 సెకన్ల రౌండ్‌తో మధ్యేమార్గం తీసుకుంది. కాచుకోవడం ఉంది, దెబ్బ ఎక్కడ తగిలిందో డీ20 చెప్తుంది.

ఆ డీ20ను ఓసారి చూడాలి. 1 నుంచి 8 వరకు రెండు కాళ్ళు, 9 నుంచి 11 పొట్ట, 12 ఛాతీ, 13 నుంచి 18 చేతులు, 19, 20 తల. కాళ్ళకే నలభై శాతమా అని ముక్కు విరిచేవాళ్ళు 1361లో గోట్లాండ్ దీవిలోని విస్బీ దగ్గర జరిగిన యుద్ధపు గోతుల గురించి చదవాలి. వెయ్యి మందికి పైగా ఎముకలు దొరికాయి. కోత గాయాల్లో కాళ్ళ మీదవి కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి. డాలు అంచు కింద మిగిలేది కాలే మరి. 1461లో ఇంగ్లండ్‌లో జరిగిన టౌటన్ యుద్ధంలో చచ్చినవాళ్ళ గొయ్యి 1996లో బయటపడింది. అక్కడ గాయాలు ఎక్కువగా తలల మీదే, ఒక్కో తల మీద అనేకం. 2012లో లెస్టర్‌లో దొరికిన ఇంగ్లండ్ రాజు మూడో రిచర్డ్ అస్థిపంజరం మీద పదకొండు గాయాలుంటే తొమ్మిది పుర్రెవే. ఒకచోట కాళ్ళు, ఇంకోచోట తలలు. శిరస్త్రాణం ఉందా, డాలు ఉందా, పారిపోతున్నాడా అన్నదాన్ని బట్టి గాయం చోటు మారుతుంది. ఏ ఒక్క పట్టికా అన్ని యుద్ధాలకూ సరిపోదు.

డి&డిలోకి ఈ చోట్ల పట్టికను తెచ్చి అంటించాలనుకునేవాళ్ళకు ఒక హెచ్చరిక. సాధారణంగా రాసుకునే హౌస్ రూల్ ఇది: క్రిటికల్ (డీ20 మీద 20) పడితే చోటు వేయాలి, పదింట ఒక వంతు అవయవం పోతుంది. వినడానికి చిన్నదే. ఒక ఆటగాడి పాత్ర మీద సెషన్‌కు పది దెబ్బలు పడతాయనుకోండి. ముప్పై సెషన్లకు మూడు వందల దెబ్బలు, ఇరవైలో ఒకటి చొప్పున 15 క్రిటికల్స్. కాంపెయిన్ (సెషన్లన్నీ కలిసిన కథ) ముగిసేసరికి సగటున పాత్రకు ఒకటిన్నర అవయవం పోతుంది. అదే గాబ్లిన్ అనే చిల్లర శత్రువు బతికేది మూడు రౌండ్లు, దానికి ఈ రూల్ తగలనే తగలదు. ప్రాణం మీదికి తెచ్చే యాదృచ్ఛిక రూల్ ఏదైనా ఎక్కువసేపు తెర మీద ఉండేవాళ్ళనే తింటుంది.

తలకు గురిపెట్టి కొడతాను అనేదీ ఇంతే. తక్కువ మైనస్‌తో అనుమతిస్తే అందరూ తలకే కొడతారు. గర్ప్స్ పుర్రెకు మైనస్ 7 పెట్టింది, మొహానికి మైనస్ 5, కాలికి మైనస్ 2. నైపుణ్యం 14 వాడు పుర్రెకు గురిపెడితే 7కు దిగుతాడు, 16 శాతం. అప్పుడు గానీ నోరు మూతపడదు.

సరే, మన దగ్గర ఉన్నది ఐదో ఎడిషనే, దాన్ని మార్చే ఉద్దేశమూ లేదు. అయినా బల్లేనికి న్యాయం చేయాలి. ఈ కింది దూరం రూల్‌కు అదనపు పని తక్కువ.

ఆయుధాలను మూడు పొడవులుగా విడదీయండి. పొట్టివి: బాకు, కటారి, చేతిగొడ్డలి, ఉత్త చేతులు. నడిమివి: కత్తి, గద, యుద్ధ గొడ్డలి. పొడుగువి: బల్లెం, హాల్బర్డ్ (పొడుగు కర్ర గొడ్డలి), రెండు చేతుల కర్ర. ఇద్దరు తలపడినప్పుడు పొడవు ఆయుధం ఉన్నవాడిది దూరం. పొట్టి ఆయుధం వాడు మొదటిసారి దెబ్బ వేయబోయినప్పుడు పొడుగువాడు తన రియాక్షన్ (ఎదుటివాడి వంతులో చేసే ఎదురు చర్య) వాడుకుని ముందుగా ఒక దెబ్బ వేస్తాడు. అది తగిలితే డ్యామేజ్ మామూలే, పైగా వచ్చేవాడు మొన దగ్గరే ఆగిపోయినట్టు, వాడి ఆ దెబ్బ వృథా. తగలకపోతే వాడు లోపలికి వచ్చేశాడు. ఇకనుంచి పొడుగువాడు వేసే ప్రతి దెబ్బకూ డిసడ్వాంటేజ్ (రెండు డీ20లు వేసి తక్కువది తీసుకోవాలి). యాభై శాతం తగిలేది ఇరవై ఐదు అవుతుంది. పొడుగువాడు ఐదడుగులు వెనక్కి తప్పుకుంటేనో ఎదుటివాడిని తోసేస్తేనో దూరం మళ్ళీ వాడిదే, ఆట మొదటికొస్తుంది.

రౌండ్‌కు రియాక్షన్ ఒక్కటే కాబట్టి ఇద్దరు కత్తివాళ్ళు కలిసి వస్తే బల్లెంవాడు ఒకడినే ఆపగలడు. ఇది మనం కలిపింది కాదు, దానంతటదే వచ్చింది, నిజానికి దగ్గరగానూ ఉంది. బల్లెంవాళ్ళు పక్కపక్కన వరుసగా నిలబడటం మొదలుపెడతారు, ఎవరూ చెప్పకుండానే.

తేడా వచ్చే చోట్లు మూడు. పోల్ఆర్మ్ మాస్టర్ అనే ఫీట్ (పాత్రకు దొరికే ప్రత్యేక నేర్పు) ఇప్పటికే దగ్గరికొచ్చేవాడి మీద దెబ్బ ఇస్తుంది. రెండూ కలపనివ్వకండి, ఏదో ఒకటే. రెండోది, ఓగర్ లాంటి పెద్ద ప్రాణుల చేతులను పొడుగు ఆయుధంగా లెక్కించకపోతే బల్లెంవాడు వాటిని కూడా ఆపేస్తాడు, నవ్వులాటగా ఉంటుంది. మూడోది సమయం. ఐదుగురు ఆటగాళ్ళు, ఆరు గాబ్లిన్లు అంటే రౌండ్‌కు కనీసం పదకొండు దెబ్బలు. ప్రతి దెబ్బకూ పది సెకన్ల అదనపు పని పెట్టే రూల్ రౌండ్‌కు దాదాపు రెండు నిమిషాలు తింటుంది. ఈ రూల్ తలపడిన మొదటిసారికే కాబట్టి గట్టెక్కింది. మీరు సొంతంగా ఏది రాసుకున్నా ముందు ఈ గుణకారం చేయండి.

కర్రను పొడుగువాటిలో ఎందుకు చేర్చాను అంటే, కర్రసాము చూసినవాళ్ళెవరికీ వివరించనక్కర్లేదు. ఆరడుగుల వెదురు తిరుగుతున్నప్పుడు కత్తి పట్టుకుని లోపలికి వెళ్ళే ధైర్యం మాటల్లో ఉన్నంత సులువు కాదు. డి&డి దానికి డీ6 ఇచ్చి మాంత్రికుల చేతికర్రగా వదిలేసింది. 2024 సవరణ టాపుల్ అనే గుణం ఇచ్చి కర్రకు ఎదుటివాణ్ణి పడేసే శక్తి కలిపింది. అది పాచిక పెంచడం కన్నా మేలైన ఆలోచన.

ప్లేట్ ఆర్మర్‌కూ ఒక సవరణ కావాలి. పుస్తకంలో 65 పౌండ్లు, 29 కిలోలు. నిజమైన యుద్ధ కవచం 20 నుంచి 25 కిలోలు, ఒళ్ళంతా పరుచుకుని ఉంటుంది. తొడుక్కుని పరిగెత్తొచ్చు, పడితే లేవొచ్చు. బాధ బరువుతో కాదు, వేడితో, ఊపిరితో. గర్ప్స్ పది సెకన్లు దాటిన పోరాటానికి అలసట పాయింట్లు కోస్తుంది, ఎండ రోజున ప్లేట్ తొడిగితే ఇంకో రెండు. కథ రోహిణి కార్తెలో నడిపే జీఎంలు ఆ రూల్ తప్పకుండా వాడాలి.

అసలు సమస్య ఏమిటంటే, ఏసీ 18 ఉన్న నైట్‌ను ప్లస్ 2 ఉన్న పల్లెటూరివాడు కూరగాయల కత్తితో నాలుగింట ఒకసారి గాయపరచగలడు. నిజంగా అయితే వాడు రోజంతా గీసినా రేకు మీద గీతలే పడతాయి. ప్లేట్ తొడిగినవాణ్ణి చంపే పద్ధతి పదిహేనో శతాబ్దపు యుద్ధవిద్య పుస్తకాల్లో వివరంగా ఉంది. 1409 ప్రాంతంలో ఫియోరే దెయ్ లిబెరి రాసినదాంట్లోనూ కనిపిస్తుంది: కత్తి అలుగును ఎడమచేత్తో మధ్యలో పట్టుకుని మొనను చంకలోకో, ముసుగు సందులోకో తొయ్యాలి. లేకపోతే కుస్తీ పట్టి పడేసి బాకు తీయాలి. ఐదో ఎడిషన్‌లో పడేయడానికి కావలసినవన్నీ ఉన్నాయి. గ్రాపుల్ చేస్తే (ఒడిసిపడితే) కదలిక సున్నా, తోసి పడేస్తే కదలిక లేదు కాబట్టి లేవలేడు, పక్కనున్నవాడి దెబ్బలకు అడ్వాంటేజ్ (రెండు డీ20ల్లో ఎక్కువది). ఒక్క వాక్యం కలపండి: బరువు కవచం తొడిగి, గ్రాపుల్ అయి, కింద పడి ఉన్నవాడి మీద బాకుకు ఏసీ 12 లెక్క. అప్పుడు డీ4 బాకు నైట్‌కు నిజంగా భయం పుట్టిస్తుంది. ఆటగాళ్ళు దీన్ని ప్రతి విలన్ మీదా వాడతారు, నిజమే. విలన్ పక్కన ఇద్దరు కాపలావాళ్ళను పెట్టండి, నిజం నైట్లూ అంతే కదా.

వంపు కత్తుల మీద ఒక మాట. సిమిటార్‌కు డీ6 ఇచ్చి తేలిక ఆయుధం అన్నారు. వంపు ఉంటే తేలికవదు, మన తల్వార్లు కిలోకు అటూ ఇటూ ఉంటాయి. పిడి చివర పళ్ళెంలాంటి బిళ్ళ మణికట్టును ఎక్కువ తిరగనివ్వదు, అందుకే దెబ్బ భుజం నుంచి వచ్చి, కోస్తూ వెనక్కి లాగబడుతుంది. గుడ్డ మీద, ఒంటి మీద ఘోరం, గొలుసు మీద దండగ. గోల్కొండ కాలపు కథ ఆడేవాళ్ళు కోనసముద్రం ఉక్కు కత్తికి ప్లస్ 1 అడుగుతారు. పర్షియా వర్తకులు ఇక్కడిదాకా వచ్చి కొన్న ఉక్కు అది, గొప్పదే. కానీ మంచి ఉక్కు పదును నిలుపుతుంది, గురి పెంచదు. కలపాలనుకుంటే డ్యామేజ్‌కు కలపండి, ఎటాక్‌కు వద్దు.

క్రాస్‌బోలో తప్పు అందరికీ కనబడేదే. చక్రం తిప్పి తీగ లాగాల్సిన భారీ క్రాస్‌బో రౌండ్‌కు, అంటే ఆరు సెకన్లకు, ఒక బోల్టు (పొట్టి బాణం) వదలదు. రూల్ ఇలా మార్చొచ్చు: ఎక్కించడానికి రెండు యాక్షన్లు, తగిలితే 3డీ10. మూడు రౌండ్లకు మూడు డీ10లు ఎలాగూ వచ్చేవే, ఇప్పుడు ఒక్కసారి వస్తాయి. ఆటగాడు మొదటి బోల్టు వదిలి, దాన్ని కింద పడేసి, కత్తి దూస్తాడు. మనకు కావలసింది అదే. తెలివైన ఆటగాడు ఎక్కించిన క్రాస్‌బోలు నాలుగు వీపున వేసుకొస్తాడు. ఒక్కోటి 18 పౌండ్లని గుర్తు చేయండి, నడుస్తుంటే బోల్టు జారిపోతుందనీ చెప్పండి.

ఇవన్నీ కాదు, ఒక్కటే మార్చగలను అంటే మొరేల్ (శత్రువుల ధైర్యం చూసే రూల్) తెచ్చుకోండి. 1981 బేసిక్ డి&డిలో ఉంది, తర్వాతి ఎడిషన్లు దాన్ని మూలకు నెట్టేశాయి. ప్రతి ప్రాణికీ 2 నుంచి 12 వరకు ఒక అంకె. తమవాళ్ళలో మొదటివాడు పడ్డప్పుడు ఒకసారి, సగం మంది పోయినప్పుడు ఇంకోసారి జీఎం రెండు డీ6లు వేస్తాడు. అంకె దాటితే పారిపోతారు లేదా లొంగిపోతారు. గాబ్లిన్ అంకె 7. దాటే అవకాశం 36లో 15, దాదాపు 42 శాతం. మొత్తం పోరాటానికి రెండంటే రెండు పాచిక వేతలు, రౌండ్లు ఎన్ని తగ్గుతాయో చూడండి. పారిపోయినవాళ్ళు వెళ్ళి పెద్దవాళ్ళను పిలుచుకొస్తారు. లొంగినవాళ్ళను ఏం చేయాలని ఆటగాళ్ళు అరగంట వాదించుకుంటారు, ఆ అరగంటకు మాత్రం ఏ రూలూ రాయకండి.